లప్పం కింద

సుత్తి దెబ్బ తగలనిదే నా చక్రం ఊడదు. నావి తీగల చక్రాలు. నడిమధ్య రెండు చెవుల పెద్ద నట్టు ఒకటి ఉంటుంది. విప్పాలన్నా బిగించాలన్నా ఆ చెవి మీద రాగి సుత్తితో కొట్టాల్సిందే. ఇనుప సుత్తి పట్టుకొస్తే క్రోమియం పూత పెచ్చులు లేస్తుంది. ఎడమవైపు నట్టుకు మామూలు మర, కుడివైపుదానికి ఎదురుమర. ఏ వైపైనా సరే, విప్పేటప్పుడు చక్రం ముందుకు దొర్లే దిక్కుకే కొట్టాలి. ఈ సంగతి తెలియని ఓ పెద్దమనిషి కుడివైపు నట్టును విప్పుతున్నాననుకుంటూ పూటంతా బిగించాడు. ఆయన గురించి చెప్పాల్సింది చాలా ఉంది, ముందు నా గురించి కొంచెం.

నేను ఎంజీబీ రోడ్‌స్టర్‌ని. ఇద్దరు కూర్చునే, పైకప్పు మడుచుకునే బండిని. పుట్టింది 1966లో, ఇంగ్లండ్‌లోని ఆబింగ్డన్‌లో. రంగు టార్టన్ రెడ్. ఎంజీ అంటే మోరిస్ గారేజెస్, ఆక్స్‌ఫర్డ్‌లో విలియం మోరిస్ పెట్టిన కార్ల దుకాణం. దాని మేనేజరు సెసిల్ కింబర్ 1920లలో మామూలు మోరిస్ బళ్ళకు హొయలు దిద్ది అమ్మడంతో మా వంశం మొదలైంది. నన్ను గీయించింది సిడ్ ఎనెవర్ అనే ఇంజనీరు. మా మోడల్ 1962లో బయటికొచ్చినప్పుడు పన్నుతో కలిపి ధర దాదాపు 950 పౌండ్లు. అంత చలిదేశంలోనూ హీటరుకు విడిగా డబ్బు కట్టాలి! కట్టనివాళ్ళు మఫ్లర్లు చుట్టుకుని నడిపారు.

ఆబింగ్డన్ ఫ్యాక్టరీలో కదిలే బెల్టు లేదు. ఒకచోట పని అయ్యాక మనుషులే నెట్టుకుంటూ తర్వాతి చోటికి చేర్చేవాళ్ళు. నా రేకు ఒళ్ళు స్విండన్‌లో అచ్చయింది, ఇంజన్ ఇంకోచోటి నుంచి వచ్చింది, ఆబింగ్డన్‌లో జరిగింది కూర్పు. 1980 అక్టోబరులో ఆ ఫ్యాక్టరీ మూసేసేనాటికి మేం 5 లక్షలకు పైగా పుట్టాం. ఎక్కువమంది అమెరికాకు ఎగుమతైపోయారు. ఇంతమందిమి కాబట్టే ఇప్పటికీ మాకు సామాను దొరుకుతోంది.

ఎంజీ అనగానే మీలో కొందరికి హైదరాబాద్ రోడ్ల మీద ఎనిమిది మూలల బిళ్ళ పెట్టుకు తిరిగే పెద్ద బళ్ళు గుర్తొస్తాయి. 2019 నుంచి మీ దేశంలో అమ్ముతున్న ఆ బళ్ళకూ నాకూ ఇంటిపేరు తప్ప చుట్టరికం ఏమీ లేదు. నా అసలు చుట్టం మీ అంబాసిడర్. కలెక్టరు గారి తెల్ల అంబాసిడర్ బోనెట్ కింద కొట్టుకున్న 1489 సీసీ పెట్రోలు ఇంజనూ, నా 1798 సీసీ ఇంజనూ ఒకే బి-సిరీస్ కుటుంబం. పోత ఇనుము, నాలుగు సిలిండర్లు, పుష్‌రాడ్లు, పైన ఎనిమిది వాల్వులు. వరంగల్‌లోనో విశాఖలోనో అంబాసిడర్ టాపెట్లు సెట్ చేసిన మేస్త్రీ ఎవరైనా వచ్చి నా బోనెట్ ఎత్తితే ఎక్కడ చెయ్యి పెట్టాలో వెతుక్కోడు. ఒకటో వాల్వు సందు చూడాలంటే ఎనిమిదోది పూర్తిగా తెరుచుకుని ఉండాలి, రెండోదానికి ఏడోది. ఏ జత తీసుకున్నా కలిపితే తొమ్మిది రావాలి. ఇది అన్నకూ తమ్ముడికీ ఒకటే లెక్క.

నా మొదటి యజమాని సంగతి త్వరగా చెప్పేస్తాను. కుర్రవాడు, పెళ్ళి కానివాడు. ఎండ కాసిన రోజుల్లో నన్ను బాగా నడిపాడు. పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, నాలో రెండు సీట్లే కదా, అమ్మేశాడు. మా జాతిలో నూటికి తొంభై మంది కథ ఇదే.

అసలు కథ ఉప్పుతో మొదలవుతుంది. ఇక్కడ చలికాలంలో రోడ్ల మీద మంచు గడ్డకట్టకుండా ఉప్పు చల్లుతారు. సముద్రపు గాలికే గేటు తుప్పు పట్టే ఊళ్ళు మీకూ ఉన్నాయి, కాకినాడ వాళ్ళనడగండి. ఇక్కడ ఆ ఉప్పు నీళ్ళలో కలిసి నేరుగా చక్రాల సందుల్లోకి చిమ్ముతుంది. ముందు చక్రం వెనక, మడ్గార్డు లోపల, ఒక చిన్న రేకు అడ్డం ఉంటుంది. దాని అంచున రబ్బరు పట్టీ. ఆ రబ్బరు ఎండి చీలిందంటే బురద ఆ రేకు దాటి లోపలికి పోయి తలుపు ముందు మూలలో తిష్ట వేస్తుంది. ఎండాకాలంలో కూడా తడి ఆరదు. తుప్పు అక్కడ పుట్టి కిందికి, సిల్లులోకి దిగుతుంది.

సిల్లు అంటే తలుపు కింద పొడుగునా ఉండే రేకు పెట్టె. చూడ్డానికి గడపలా ఉంటుంది గానీ చేసే పని దూలానిది. నాకు కింద విడిగా ఛాసిస్ లేదు. మీ అంబాసిడర్‌లాగే ఒళ్ళే నాకు ఎముక. పైగా నాకు పైకప్పు కూడా లేదు కాబట్టి ముందు భాగాన్నీ వెనక భాగాన్నీ కలిపి పట్టేవి ముఖ్యంగా ఆ రెండు సిల్లులూ, మధ్యలో గేరుబాక్సు మీదుగా పోయే సొరంగం. సిల్లులు పుచ్చిపోతే నేను నడుం దగ్గర కుంగుతాను. తలుపు తీసేటప్పుడు అడుగంచు గీసుకుంటుంది, వేసేటప్పుడు పైకెత్తి నెట్టాల్సి వస్తుంది.

ఆ స్థితిలో నన్ను కొన్నవాడే నేను ముందు చెప్పిన పెద్దమనిషి. అప్పటికి నేను ఓ పాత బండిని, అంతే. వింటేజ్ అనీ క్లాసిక్ అనీ ఎవరూ ముద్దు చెయ్యలేదు. ఏటా జరిగే ఫిట్‌నెస్ పరీక్ష గట్టెక్కిస్తే చాలనుకున్నాడు. పుచ్చిన సిల్లును కోసి తియ్యకుండా దానిమీదే కొత్త రేకు తొడిగాడు, అంచుల్లో చుక్కలు చుక్కలుగా వెల్డింగ్ పెట్టాడు, మిగిలిన గుంటల్లో లప్పం కూరాడు, పైన నల్లటి తారు పూత పట్టించాడు. ఎర్ర రంగు కొట్టాక నేను పెళ్ళికొడుకునే. లోపల మాత్రం తుప్పు తన పని తాను చేసుకుంటూ పోయింది. ఇక దానికి గాలి కూడా ఆడలేదు, తడి బయటికి పోయే దారి లేకపోయింది.

కుదరని రేడియో ఒకటి పెట్టి కాల్చేశాడు కూడా. నా కాలపు బళ్ళలో బ్యాటరీ ప్లస్ కొస బాడీకి కలుస్తుంది. 1967 చివర్లో వచ్చిన మార్పు తర్వాతే మైనస్ ఎర్త్. సీట్ల వెనక, నేల పలక కింద, రెండు ఆరు వోల్టుల బ్యాటరీలు దాక్కుని ఉంటాయి. వాటిని చూడాలంటే సామాను దింపి, పలక మరలు విప్పి, వంగాలి. అంత వంగడం ఆయనకు ఇష్టం లేదు.

అయినా ఆయన్ని పూర్తిగా తిట్టలేను. ఆ ఏళ్ళలో నాలాంటివాళ్ళు చాలామంది తుక్కు కొట్టుకు పోయారు. లప్పంతోనో తారుతోనో ఆయన నన్ను రోడ్డు మీద ఉంచాడు. తర్వాత షెడ్డులో వదిలేశాడు, అది వేరే విషయం. నడిచే బండికంటే నిలబడ్డ బండికి జబ్బులెక్కువ. బ్రేకు సిలిండర్లు పట్టేశాయి, క్లచ్ పళ్ళెం ఫ్లైవీలుకు అతుక్కుపోయింది, ట్యాంకులో పెట్రోలు బంకలా మారింది.

ఇప్పటి యజమానురాలు నన్ను చూడ్డానికి వచ్చినప్పుడు జేబులోంచి చిన్న అయస్కాంతం తీసింది. గుడ్డలో చుట్టి సిల్లు పొడుగునా జరిపింది. అంటుకోవాల్సిన చోట అంటుకోలేదు. రేకు ఎక్కడుందో, లప్పం ఎక్కడుందో ఆమెకు అర్థమైంది. ధర సగానికి దిగింది.

ఆమె రిటైరైన మిడ్‌వైఫ్. ఉండేది ష్రాప్‌షైర్‌లో ఓ చిన్న ఊళ్ళో, ఇంటి పక్కన ఒక్క కారు పట్టే గారేజీ. పాత బళ్ళ బాగు అంటే విడిభాగాలు మార్చడమని అనుకుని మొదలుపెట్టి ఉంటుంది. తీరా చూస్తే ముందటివాడు చేసిన బాగును విప్పుకోవడమే సగం పని. బోల్టు ఉండాల్సిన చోట రివెట్, నట్టు పెట్టాల్సిన చోట గోడకు కొట్టే మర, తీగ తెగిన చోట ప్లాస్టరు చుట్టు. పైగా నా బోల్టులు అంగుళాల కొలత. ఆయన మిల్లీమీటర్ల పానాలతో తిప్పి చాలావాటి మూలలు గుండ్రం చేసి వదిలాడు. అర అంగుళం అంటే 12.7 మిల్లీమీటర్లు. 13 పానా పడుతుంది, బలం పెట్టగానే జారుతుంది.

సిల్లుల పని ఆమె ఎలా చేసిందో కొంచెం నిదానంగా చెప్తాను, ఎందుకంటే నేను ఇవాళ నిటారుగా నిలబడ్డానంటే దానివల్లే.

ముందు బ్యాటరీ తీగలు విప్పింది, పెట్రోలు ట్యాంకు దించి దూరంగా పెట్టింది. నన్ను నాలుగు స్టాండ్ల మీద, కుంగు లేకుండా, లెవెల్ చూసి కూర్చోబెట్టింది. తర్వాత ముందు మడ్గార్డు తియ్యాలి. అది బోల్టులతోనే ఉంటుంది గానీ రెండు మూడు బోల్టులు డ్యాష్‌బోర్డు కింద, అద్దం స్తంభం పక్కన, చెయ్యి పట్టీ పట్టని చోట ఉంటాయి. సీటు తీసేసి వెల్లకిలా పడుకుని, కాళ్ళు బయటికి, తల పెడళ్ళ దగ్గర పెట్టుకుని వాటిని విప్పింది. పళ్ళ బిగువున ఆమె అన్న మాటలు మీకు చెప్పను.

మడ్గార్డు వచ్చాక లోపలి సంగతి తెలిసింది. పై రేకు కింద ఇంకో రేకు, దాని కింద మరొకటి, అడుగున పొడిపొడిగా రాలిన ఎర్రటి పొట్టు. లప్పం ఒకచోట అరచేయంత మందం ఉంది. అందులో నలిపి కూరిన పాత వార్తాపత్రిక ముక్కలు.

కోసే ముందు చెయ్యాల్సింది ఒకటుంది. తలుపు పోయాక మిగిలే ఖాళీకి అడ్డంగా, కీళ్ళ స్తంభం నుంచి గడియ స్తంభం దాకా, ఇనుప కడ్డీ పెట్టి వెల్డింగ్ చెయ్యాలి. లేకపోతే పాత సిల్లు కోయగానే నేను మడతపడతాను, కొత్తదాన్ని ఆ మడతకే అతికేస్తే ఇక జన్మలో తలుపు సరిగ్గా పడదు. రెండు వైపులా ఒకేసారి కోయకూడదు. ఒక వైపు పూర్తిగా ముగించి, రెండోవైపు మొదలుపెట్టాలి. ఆమె కొత్త రేకులను మొదట క్లాంపులతో పట్టించింది. కడ్డీ అడ్డం ఉంటే తలుపు పట్టదు కాబట్టి ఆ కడ్డీని ముందే లోపలివైపుగా పెట్టింది. తలుపు తెచ్చి వేలాడదీసి, చుట్టూ సందు ఒక్కలా ఉందో లేదో చూసి, తీసి, రేకును ఒక వెంట్రుకవాసి జరిపి, మళ్ళీ తలుపు పెట్టి చూసింది. ఇలా ఎన్నిసార్లు చేసిందో నేను లెక్కపెట్టలేదు. సంతృప్తి కలిగాకే వెల్డింగ్. అదీ ఒకే చోట పొడుగునా పెట్టకుండా, అటు కొంచెం ఇటు కొంచెం, రేకు వేడికి మెలి తిరగకుండా. చివర సిల్లు పెట్టెలోకి సన్నని గొట్టంతో మైనం చిమ్మింది. కొత్త రబ్బరు పట్టీ వేసింది. నీళ్ళు దిగే రంధ్రాలు ముందటివాడు తారుతో మూసేస్తే వాటిని తెరిచింది.

కొత్త ఒళ్ళే కొనుక్కోవచ్చు కదా అన్నారు ఆమె స్నేహితులు. నిజమే. బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ వాళ్ళు 1988 నుంచి పాత అసలు అచ్చులతోనే మా రేకు దేహాలు చేసి అమ్ముతున్నారు. చాలా మంది బళ్ళు అలా బతికాయి. ఆమె వద్దంది. డబ్బు ఒక కారణం. అంతకంటే, సాయంత్రం పూట చేతికి పని కావాలనుకుంటాను.

నా కరెంటు సామాను మీద ఇక్కడ జోకులు చాలా. దీపాలు చేసిన కంపెనీకి చీకటి రాజ్యం రాసిచ్చారని ఎగతాళి. నాకు నవ్వు రాదు. నా ఒళ్ళంతటికీ ఉన్నవి రెండే ఫ్యూజులు, హెడ్‌లైట్లకు అదీ లేదు. తీగలను కలిపేవి తూటా ఆకారపు చిన్న మొనలు, తడికి వాటి మీద పచ్చటి కిలుం పడుతుంది. ఇండికేటర్ వేస్తే ఎడమ హెడ్‌లైటు గుడ్డిగా ఆరి వెలిగేది. ముందటివాడు బల్బు మార్చాడు, స్విచ్చు మార్చాడు, కొత్త తీగ లాగాడు. ఈమె నల్ల తీగ వెంట వెళ్ళింది. ఎర్త్ తీగ బాడీకి బిగించిన మర కింద రంగూ తుప్పూ పేరుకుని ఉన్నాయి. ఉప్పుకాగితంతో రుద్ది బిగించగానే దీపం నిలిచి వెలిగింది. ఖర్చు సున్నా.

పెట్రోలు పంపు కుడి వెనక చక్రం దగ్గర ఉంటుంది. తాళం తిప్పగానే టకటకమని కొట్టుకుని, కార్బొరేటర్లు నిండాక నెమ్మదించాలి. చప్పుడు రాలేదంటే పాయింట్లు అంటుకున్నాయన్నమాట. దిగి ఆ రాగి సుత్తి పిడితో ఒక్కటి తడితే మళ్ళీ మొదలవుతుంది. ఇది వైద్యం కాదు, ఇల్లు చేర్చే ఉపాయం.

కార్బొరేటర్లు నాకు రెండు, ఎస్‌యూ రకం. ఎస్‌యూ అంటే స్కిన్నర్స్ యూనియన్. బూట్ల వ్యాపారం చేసే స్కిన్నర్ల ఇంటి అబ్బాయి కనిపెట్టాడు. మొదట్లో లోపల తోలుతిత్తి ఉండేదట, ఆ ఇంట్లో తోలుకు కొదవేముంది! ఇప్పుడు తిత్తి బదులు పైకీ కిందికీ ఆడే పిస్టన్ ఉంటుంది, దాన్నుంచి వేలాడే సూది జెట్టులో దిగి పెట్రోలును కొలుస్తుంది.

రెండింటినీ జత చెయ్యడానికి ఆమె గాలి ఫిల్టర్లు విప్పింది, రెండు కార్బొరేటర్ల ఇరుసులను కలిపే క్లాంపు వదులు చేసింది. మూరెడు రబ్బరు గొట్టం తీసుకుని ఒక కొస చెవిలో, రెండో కొస మొదటి కార్బొరేటర్ నోటి దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుంది. కొయ్య గొట్టం తల్లి పొట్టకు ఆనించి బిడ్డ గుండె విన్నవాళ్ళు ఇలాగే వింటారు. మొదటి నోటి బుస, రెండో నోటి బుస. రెండోది సన్నగా ఉంది. దాని మరను పావువంతు తిప్పింది, విన్నది, మళ్ళీ మొదటిదానికి వచ్చింది. రెండు బుసలూ ఒకటయ్యాక క్లాంపు బిగించింది. ఆ తర్వాత పిస్టన్‌ను కిందినుంచి పుల్లతో రవ్వంత ఎత్తింది. ఇంజన్ వేగం పెరిగి అలాగే ఉండిపోతే పెట్రోలు ఎక్కువ. తడబడి ఆగబోతే తక్కువ. క్షణం పెరిగి తిరిగి సర్దుకుంటే సరి. నాది పెరిగి ఉండిపోయింది. జెట్టు కింది నట్టును ఒక్క పలక మేర పైకి తిప్పింది. మళ్ళీ ఎత్తింది. సర్దుకుంది.

మరమ్మతు అయ్యాక పోషణ. అదెంత చెప్పినా తక్కువే, విసుగు కూడా. ముందు చక్రాల కింగ్‌పిన్‌లకు 3,000 మైళ్ళకోసారి గ్రీజు గన్ను పెట్టాలి. పెట్టనివాళ్ళ బళ్ళలో స్టీరింగ్ బరువెక్కి, చివరికి పిన్నులే అరిగిపోతాయి. ఆ పని పది నిమిషాలది. పిన్నులు మార్చడం వారం పని. 2000 మొదట్లో ఇక్కడ సీసం కలిపిన పెట్రోలు బంకుల్లోంచి పోయింది. వాల్వులు కూర్చునే చోట్లకు గట్టి రింగులు వేయించాల్సి వచ్చింది. 2021లో ఇథనాల్ 10 శాతం పెట్రోలు వచ్చింది. అది నా పాత రబ్బరు గొట్టాలను తినేస్తుంది. అందుకే ఆమె గొట్టాలు మార్చింది, ఇథనాల్ తక్కువ ఉన్న ఖరీదైన పెట్రోలే పోస్తుంది. 2018 నుంచి 40 ఏళ్ళు దాటిన, పెద్దగా మార్పులు చెయ్యని బళ్ళకు ఏటా ఫిట్‌నెస్ పరీక్ష తప్పనిసరి కాదు. అయినా ఆమె నన్ను ఏటా తీసుకెళ్తుంది. పిట్టులో నిలబడి కింది నుంచి చూసే రెండో జత కళ్ళు కావాలంటుంది. ఈ విషయంలో నేను ఆమె పక్షం.

కొత్తగా వచ్చే విడిభాగాల మీద మాత్రం నాకు ఫిర్యాదుంది. ఎవరు చేశారో చెప్పను. రోటర్ ఆర్మ్, కండెన్సర్, రబ్బరు బుష్షులు. పెట్టె మెరుస్తుంది, సరుకు నిలవదు. అందుకే ఆమె నాలోంచి తీసిన పాత కండెన్సర్ను పారెయ్యకుండా బిస్కెట్ల డబ్బాలో దాచింది. దారిలో కొత్తది పోతే పాతదే దిక్కు.

ఈ మధ్య ఆమె మనవరాలు డ్రైవింగ్ నేర్చుకుంటోంది. పదిహేడు నిండాయి, లెర్నర్ పలక కట్టుకుని నా స్టీరింగ్ పట్టుకుంది. 1967 చివరి దాకా పుట్టిన మాకు ఫస్టు గేరులో సింక్రోమెష్ లేదు. బండి పూర్తిగా ఆగాకే ఫస్టు వెయ్యాలి, లేదా క్లచ్ రెండుసార్లు తొక్కి మధ్యలో ఇంజను వేగం పెంచి కలపాలి. పిల్ల చౌరస్తా దగ్గర నెమ్మదించి, ఆగకముందే లివర్ ముందుకు నెట్టింది. నా పళ్ళు కరకరలాడాయి.

"ఆగాక వెయ్యమ్మా," అంది అమ్మమ్మ.

"ఆగాననే అనుకున్నాను అమ్మమ్మా."

"నువ్వు ఆగావు. అది ఆగలేదు."

తర్వాతి చౌరస్తాలోనూ కరకరే. ఆ పైదాంట్లో కూడా. ఫస్టు గేరు పళ్ళ అంచులు ముందే అరిగి ఉన్నాయి, ఆ పెద్దమనిషి చలవ. గేరుబాక్సు ఒక్కదాన్నే దించడానికి నాలో వీలు లేదు. ఇంజనూ గేరుబాక్సూ కలిపి, ముక్కు పైకెత్తి, క్రేన్‌తో బోనెట్ మీదుగా లాగాలి. ఇంటికొచ్చాక ఆమె బోనెట్ ఎత్తి రేడియేటర్ బోల్టుల మీద నూనె చుక్కలు వేసింది. చలికాలం దాకా అవి నానాలి. మనవరాలిని పిలిచి గారేజీ దూలం ఎంత బరువు మోస్తుందో చూడమంది.